గుంట

మంగళవారం నా వీక్లీ ఆఫ్.
నాలుగున్నరకి లేచింది నేను కాదు, అది.
"ఐదుంపావుకి ఆటమ్మా. నీళ్ళు బాగా వెనక్కి పోతాయి.
వస్తే రా."
వస్తే రా!
పదకొండు రోజుల తర్వాత నాతో అన్న పెద్ద మాట.
చెప్పులు వెతుక్కోడానికి కూడా లైటు వెయ్యలేదు నేను,
వెలుగు పడితే మనసు మార్చుకుంటుందేమోనని.

విశాలాక్షినగర్ వాలు దిగుతున్నాం,
అది ముందు, నేను వెనక.
వీధి దీపం కింద రాత్రి రాలిన ఉసిళ్ళ రెక్కలు.
కైలాసగిరి ఇంకా చీకట్లోనే ఉంది,
పొదల్లో జెముడుకాకి గొంతు సవరించుకుంటోంది.
ఆ పిట్ట పేరు నాకు తెలుసు.
చెబుదామని నోరు తెరిచి, ఊరుకున్నాను.
దాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవని
అప్పుడు చూశాను.

రోజుకి ఆరు ట్రిప్పులు
భీమిలి బస్సులో ఈ సముద్రం పక్కనుంచే పోతాను.
వేళ్ళు టికెట్ మిషను మీద, కళ్ళు చిల్లర మీద.
"జోడుగుళ్ళపాలెం దిగేవాళ్ళెవరు?" అని అరిచేది నేనే.
తొమ్మిదేళ్ళలో
దిగింది మాత్రం ఇవాళే.

ఇసక మీద బాలబంద తీగ, ఆరేసిన వలలు,
కాలి చప్పుడుకి కన్నాల్లోకి జారిపోయే ఎండ్రకాయలు.
దూరంగా లంగరేసిన ఓడలు
స్టాపులో నిలబడ్డ జనంలా
రేవు పిలుపు కోసం చూస్తున్నాయి.

మా వైపు ఆడపిల్లని గుంట అంటాం.
"ఓలి గుంటా" అని మా అమ్మ కేకేస్తే
వీధి చివర నా కాళ్ళు ఆగిపోయేవి.
దీన్నలా పిలిస్తే పళ్ళు కొరుకుతుంది.
ఆధార్‌లో నూకరత్నం, స్కూల్లో రత్న,
ఇంట్లో ఈ మధ్య ఏ పేరుకీ పలకదు.

రాళ్ళ మధ్య
సముద్రం మరిచిపోయిన నీళ్ళనీ
గుంట అనే అంటాం.

అలాంటి ఒకదాని పక్కన గొంతుక్కూర్చుంది.
"కదలకమ్మా, నీ నీడ పడుతోంది."
ముందు ఏమీ కనబడలేదు.
నీళ్ళు, నాచు, బీరు సీసా పెంకు.
కాసేపటికి నాచు నడిచింది.
గవ్వనుకున్నది కాళ్ళు బయటపెట్టింది.
రాయి రంగులో ఉన్న వేలెడు చేప
తను రాయి కానని ఒప్పుకుంది.
టూత్‌పేస్టు మూతని ఇల్లు చేసుకుని మోస్తోంది
ఒక సన్యాసి పీత.
"ఇల్లు ఇరుకైతే మారిపోద్దమ్మా.
మారేటప్పుడు మాత్రం ఒళ్ళంతా మెత్తగా బయటుంటది.
అప్పుడే ఎవరైనా తినేస్తారు."
పోయిన దసరాకి కొన్న దాని ప్యాంటు
చీలమండ దాటి పైకి పోయింది.

రాతి పగుల్లో ముద్దబంతంత పచ్చటి పువ్వు.
ఆగలేక వేలు పెట్టాను.
చటుక్కున ముడుచుకుపోయింది,
ఉత్త బంక ముద్ద.
"అయ్యో, చచ్చిపోనాదేటే?"
"లేదు. భయపడింది.
ముట్టుకోకుండా ఉంటే అదే తెరుచుకుంటది."

పదకొండు రోజుల కింద దాని బ్యాగు వెతికాను.
ఒక లెక్కల పేపరు, పద్దెనిమిది మార్కులు.
ఒక కొంగ ఈక.
ఒక చిన్న నోటుబుక్కు నిండా తారీఖులు, టైములు.
ఎవడే వాడు, ఎక్కడ కలుస్తున్నావు, అని అరిచాను.
పక్కింటివాళ్ళు టీవీ తగ్గించి విన్నారు.
అది ఒక్క మాటా అనలేదు.

ఇవాళ్టి తారీఖు కూడా ఉందందులో.
ఎర్ర సిరాతో.
పక్కన ఐదుంపావు.

మోకాళ్ళు సలుపుతున్నా లేవలేదు.
ఓడల వెనక సూర్యుడొచ్చాడట,
మేమిద్దరం చూడలేదు.
పువ్వు సగం తెరుచుకుందో లేదో
మొదటి అల వచ్చి
గుంటని తనలో కలిపేసుకుంది.
చెప్పులు తడిశాయి.

"వచ్చే మంగళవారం వద్దామేటి?"
"అప్పుడు ఈ వేళకి ఇదంతా నీళ్ళ కిందే ఉంటది.
ఆ పై వారమైతే సరే."
"రాసుకో మరి."

జేబులోంచి నోటుబుక్కు తీసింది,
నేనున్నానని అటు తిరగకుండా.

నేనే అటు తిరిగి నిలబడ్డాను,
రాయడం అయ్యేదాకా.